చేతిలో ఐసెట్ ర్యాంకు, ముందు క్యాట్ ఫారం: డిగ్రీ తర్వాత మొదటి నౌక్రీ గురించి మన ఇళ్లలో జరగాల్సిన మాట

డోర్నకల్, ఆగస్టు 2025: "బేటా, నువ్వు వార్తలు రాస్తావ్ కదా, ఒక మాట చెప్పు. మావాడికి ఐసెట్‌లో ర్యాంకు వచ్చింది. ఎంబీఏలో చేర్పించాలా, ముందు ఏదైనా నౌక్రీ చూస్కోమనాలా?"

డోర్నకల్ స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయనకు చిన్న కిరాణా దుకాణం. కొడుకు ఈ ఏడాదే బీకామ్ పాసయ్యాడు. ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయట. "ఫీజు సర్కారే కడుతుంది, చేరిపో" అని అమ్మీ. "రెండేళ్లు పని చేసి పెద్ద కాలేజీకి పోతా" అని అబ్బాయి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే తండ్రికి తేలడం లేదు.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. ఇప్పుడే అడగడానికి కారణం కూడా ఉంది. తెలంగాణ ఐసెట్ కౌన్సెలింగ్ ఈ నెలలోనే. ఐఐఎంలలో ప్రవేశానికి జరిగే క్యాట్ పరీక్షకు దరఖాస్తులు ఆగస్టు 1న మొదలయ్యాయి, గడువు సెప్టెంబరు 13. పరీక్ష నవంబరు 30న. ఈసారి నిర్వహిస్తున్నది ఐఐఎం కోజికోడ్. అంటే ఒకే నెలలో ఒక కుర్రాడి ముందు రెండు దారులు తెరుచుకున్నాయి. డోర్నకల్‌లో పట్టాలు కాజీపేట వైపు, విజయవాడ వైపు, కొత్తగూడెం వైపు చీలినట్టే. ఎక్కే ముందు బండి ఎటు పోతుందో అడగడంలో తప్పు లేదు.

63 మంది కథ

ముందు ఒక పాత లెక్క గుర్తు చేసుకుందాం. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం 2004-05లో దేశంలోని ఐఐఎంలన్నిటిలో కలిపి 4,743 మంది విద్యార్థులుంటే, అందులో ముస్లింలు 63 మంది. నూటికి 1.3 మాత్రమే.

ఈ లెక్క మనవాళ్లు చాలా సభల్లో చెప్తారు. అదే నివేదికలో ఉన్న ఇంకో మాట మాత్రం తక్కువ చెప్తారు. ఇంటర్వ్యూ దాకా చేరిన ముస్లిం అభ్యర్థుల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు సీటు సాధించారు. ఇది మిగతావాళ్లకంటే తక్కువేమీ కాదు. అంటే లోపలి గదిలో కూర్చున్న మన పిల్లలు వెనకబడలేదు. గడప దాకా వచ్చినవాళ్లే తక్కువ. దరఖాస్తు పెట్టినవాళ్లు, రాత పరీక్ష దాటినవాళ్లు తక్కువ.

ఇరవై ఏళ్లలో పరిస్థితి మారింది, ఐఐఎంల సంఖ్య పెరిగింది. 2015లో విశాఖపట్నంలోనూ ఒకటి వచ్చింది. తెలంగాణలో మాత్రం ఇప్పటికీ ఐఐఎం లేదు. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభాలో మనం నూటికి 12.7. పాత వరంగల్ జిల్లాలోని డోర్నకల్, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్, ఏ పేరుతో పిలిచినా ఇక్కడి బీకామ్ పిల్లాడికి క్యాట్ అంటే ఏమిటో చెప్పే మనిషి దొరకడం కష్టం. గడప దగ్గరి సమస్య ఇదే.

ఐసెట్ సీటు నిజంగా ఉచితమా?

ఐసెట్‌లో 200 మార్కులకు 50 వస్తే అర్హత. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు కూడా లేదు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, కుటుంబ ఆదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బీసీ-ఈ కింద మనవాళ్లకు 4 శాతం రిజర్వేషన్ కూడా ఉంది. పేద కుటుంబానికి ఇది చిన్న సాయం కాదు.

అయితే రెండు విషయాలు ఆలోచించాలి. ఒకటి, రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతే కాలేజీ చూసేది విద్యార్థి వైపే. ఫీజు కడితేనే సర్టిఫికెట్లు అనే మాట చాలామంది విన్నారు. రెండోది ఇంకా పెద్దది. కాలేజీకి కంపెనీలు రాకపోతే, ఎంబీఏ అయ్యాక వచ్చే ఉద్యోగం కూడా బీకామ్‌తో వచ్చేదే అవుతుంది. ఫీజు సర్కారు కట్టింది సరే, 21 నుంచి 23 దాకా ఉన్న రెండేళ్లు ఎవరు కట్టారు? పిల్లాడే కట్టాడు. పైగా ఒకసారి ఎంబీఏ చేసినవాడు మళ్లీ పెద్ద బిజినెస్ స్కూల్‌కు అప్లై చేస్తే, "ఇంతకుముందు చదివావు కదా, మళ్లీ ఎందుకు?" అనే ప్రశ్నకు జవాబు చెప్పాలి.

కాబట్టి ఐసెట్ వద్దని కాదు. ఉస్మానియా, కాకతీయ యూనివర్సిటీల సొంత క్యాంపస్ కాలేజీల్లో సీటు వస్తే మాట వేరు. పేరు కూడా సరిగ్గా తెలియని కాలేజీలో, ఉచితమని చేరడం మాత్రం ఖరీదైన నిర్ణయమే.

బిజినెస్ స్కూల్ ఏం చూస్తుంది?

క్యాట్ రెండు గంటల పరీక్ష. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం, డేటా-లాజిక్, లెక్కలు, ఒక్కో భాగానికి 40 నిమిషాలు. డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. ఫైనలియర్ వాళ్లు కూడా రాయొచ్చు. ఫీజు ఈసారి 2,600 రూపాయలు. స్కోరు ఒక్క ఏడాది ప్రవేశాలకే పనికొస్తుంది.

స్కోరు ఒక్కటే సీటు ఇవ్వదు. పది, ఇంటర్, డిగ్రీ మార్కులు, ఉద్యోగ అనుభవం కలిపి చూస్తారు. ఇంజనీర్లు కాని వాళ్లకు, అమ్మాయిలకు కొన్ని ఐఐఎంలు అదనపు వెయిటేజీ ఇస్తున్నాయి. అంటే బీకామ్ అని తలదించుకోవాల్సిన పని లేదు. ఐఐఎం అహ్మదాబాద్ అయితే కామర్స్ వాళ్లను కామర్స్ వాళ్లతోనే పోల్చి కొంతమందిని పిలుస్తుంది.

అనుభవం విషయంలో మన ఇళ్లలో రెండు తప్పు నమ్మకాలున్నాయి. "అనుభవం లేకపోతే అసలు రానివ్వరు" అనేది ఒకటి. ఫ్రెషర్లు ప్రతి ఏడాదీ ఐఐఎంలలో చేరుతూనే ఉన్నారు. "ఎన్నేళ్లు ఎక్కువైతే అంత మంచిది" అనేది రెండోది. ఐఐఎం బెంగళూరు ఇటీవలి విధానాల్లో అనుభవానికి ఇచ్చే మార్కు 36 నెలల దాకా పెరిగి అక్కడ ఆగుతుంది. హైదరాబాద్‌లోని ఐఎస్‌బీ 2001లో మొదలైంది. దాని ఏడాది కోర్సు ముఖ్యంగా కనీసం రెండేళ్లు పని చేసినవాళ్లను దృష్టిలో పెట్టుకున్నది. అక్కడ క్యాట్ కాదు, జీమ్యాట్ లాంటి పరీక్ష కావాలి. జీమ్యాట్ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. కాబట్టి డిగ్రీ తర్వాత రెండు, మూడేళ్లు సరైన కాలం. ఐదారేళ్లు ఆగితే దారి మూసుకుపోదు గానీ, కాలేజీలూ కోర్సులూ మారతాయి.

ఆ రెండు మూడేళ్లు ఎక్కడ గడపాలి?

మన పిల్లల ముందు సాధారణంగా ఐదు దారులుంటాయి.

మొదటిది హైదరాబాద్ ఉద్యోగం. పెద్ద ఆడిట్ సంస్థల, విదేశీ కంపెనీల ఆఫీసులు బీకామ్ వాళ్లను ట్యాక్స్, అకౌంట్స్ పనులకు తీసుకుంటున్నాయి. జీతం మొదట్లో తక్కువే. హాస్టల్, తిండి పోతే ఇంటికి పంపేది పెద్దగా మిగలదు. కానీ అపాయింట్‌మెంట్ లెటర్, పీఎఫ్, పేస్లిప్ అన్నీ ఉంటాయి. ఇంగ్లిష్‌లో రోజూ మాట్లాడాల్సి వస్తుంది. ఇంటర్వ్యూలో మన పిల్లలు తడబడేది అక్కడే.

రెండోది బ్యాంకు పరీక్షలు. పీఓగా ఎంపికైతే మంచి అనుభవమే. ప్రమాదం ఉద్యోగంలో లేదు, ప్రిపరేషన్‌లో ఉంది. మూడేళ్లు గదిలో కూర్చుని చదివి రాకపోతే, ఫారంలో ఆ మూడేళ్లు ఖాళీగా కనిపిస్తాయి. ఏదో ఒక పని చేస్తూనే చదవాలి. బ్యాంకు కొలువు సూద్ వ్యవహారమని వద్దనుకునే కుటుంబాలూ ఉన్నాయి. ఆ నిర్ణయం వాళ్లది. అయితే ఆ నిర్ణయం పిల్లాడు రెండేళ్లు చదివాక కాదు, మొదలుపెట్టకముందే చెప్పాలి.

మూడోది గల్ఫ్. మామూ, చాచా అక్కడుంటే "అకౌంటెంట్‌గా రా" అని పిలుస్తారు. డబ్బు చేతికొస్తుంది. విదేశీ అనుభవం బిజినెస్ స్కూల్ కూడా లెక్కిస్తుంది. కానీ వీసాలో రాసిన పని ఒకటి, చేసే పని ఇంకొకటి అయితే తర్వాత నిరూపించడం కష్టం. క్యాట్ మన దేశంలోని సెంటర్లలోనే రాయాలి, జీమ్యాట్ అయితే దుబాయ్‌లోనూ రాయొచ్చు. ఐఐఎం అహ్మదాబాద్ వచ్చే నెల నుంచి దుబాయ్‌లో ఏడాది ఎంబీఏ మొదలుపెడుతోంది. అది పని చేసిన అనుభవం ఉన్నవాళ్ల కోసం. గల్ఫ్ వెళ్లేవాళ్లు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

నాలుగోది సీఏ. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. పూర్తి చేస్తే అదే పెద్ద డిగ్రీ, ఎంబీఏ అవసరం చాలామందికి రాదు. కానీ ఆర్టికల్‌షిప్‌ను చాలా ఐఐఎంలు ఉద్యోగ అనుభవంగా లెక్కించవు. ఎంబీఏకు మెట్టు అనుకుని సీఏలో చేరడం సరైన లెక్క కాదు.

ఐదోది మన సొంత దుకాణం. దీన్ని మనవాళ్లే తక్కువ చేసి చూస్తారు. మిర్చి కమీషన్, బట్టలు, కిరాణా, లారీ, మెకానిక్ షెడ్డు ఏదైనా సరే, సరుకు తెప్పించడం, అప్పు వసూలు చేయడం, పనివాళ్లను చూసుకోవడం నిజమైన వ్యాపార అనుభవం. తిజారత్ మనకు సున్నత్ కూడా. అయితే "అబ్బా దుకాణంలో కూర్చున్నా" అంటే సరిపోదు. ఏం మార్చావు? ఉద్దెర ఎంత తగ్గించావు? లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించావా? దానికి జవాబు ఉండాలి, కాగితం కూడా ఉండాలి.

కాగితం లేని పని, గాలిలో రాసిన లెక్క

నేనూ బీకామ్ చదివినవాణ్నే. డిగ్రీ అయ్యాక ఒక ఆడిటర్ ఆఫీసులో ఏడాదికి పైగా పని చేశా. జీఎస్టీ రిటర్నులు, టాలీ ఎంట్రీలు, పార్టీల దగ్గరికి తిరగడం, అన్నీ చేశా. జీతం చేతికే ఇచ్చేవాళ్లు. నియామక పత్రం అడగాలని నాకు తెలియదు, ఇవ్వాలని వాళ్లకు అనిపించలేదు. తర్వాత ఒక ఫారంలో అనుభవం రాసి ఆధారాలు జతచేయమంటే నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఆ ఏడాది నా జీవితంలో ఉంది, ఫారంలో లేదు.

చాలా బిజినెస్ స్కూళ్లు డిగ్రీ పూర్తయ్యాక చేసిన పూర్తికాల, జీతం తీసుకున్న పనినే లెక్కిస్తాయి. అందుకే మొదటి రోజే అపాయింట్‌మెంట్ లెటర్ అడగాలి. జీతం బ్యాంకు ఖాతాలో వేయమనాలి. మానేసేటప్పుడు అనుభవ పత్రం తీసుకోవాలి. సొంత దుకాణమైతే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించాలి. కొడుక్కి ఇచ్చే జీతం దుకాణం ఖాతా నుంచి అతని ఖాతాకు ప్రతి నెలా పంపాలి. ఆదాయపు పన్ను రిటర్న్ వేయాలి. ఇవన్నీ పెద్ద ఖర్చు పనులు కావు. ఎవరూ చెప్పకపోవడమే లోపం.

ఫారంలో కులం కాలమ్ దగ్గర జాగ్రత్త

ఇది చాలా ముఖ్యం. తెలంగాణ బీసీ-ఈ జాబితా వేరు, కేంద్రం ఓబీసీ జాబితా వేరు. ఐఐఎంలు చూసేది కేంద్ర జాబితా. మన రాష్ట్రం నుంచి దూదేకుల, మెహ్తర్ ముస్లింలు కేంద్ర జాబితాలో ఉన్నారు. బీసీ-ఈ సర్టిఫికెట్ ఉంది కదా అని క్యాట్ ఫారంలో ఓబీసీ అని టిక్ పెడితే, సీటు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలనలో ఇబ్బంది పడొచ్చు. ముందు జాతీయ బీసీ కమిషన్ జాబితాలో మీ సమూహం పేరు చూసుకోండి.

కేంద్ర జాబితాలో లేకపోతే ఈడబ్ల్యూఎస్ కోటా చూడాలి. అది 10 శాతం. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. ఐదెకరాల పొలం, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్, మున్సిపాలిటీలో వంద గజాల ఇంటి స్థలం లాంటి పరిమితులూ ఉన్నాయి. సర్టిఫికెట్ తహసీల్దార్ ఆఫీసులో కేంద్ర నమూనాలో తీసుకోవాలి. సెప్టెంబరు రెండో వారంలో పరుగెత్తే బదులు ఇప్పుడే వెళ్లడం మేలు.

డబ్బు, సూద్, మన లెక్క

పెద్ద ఐఐఎంలలో రెండేళ్ల ఫీజు 20 లక్షలు దాటింది. ఈ మాట వినగానే చాలా ఇళ్లలో చర్చ ఆగిపోతుంది. ఆపకండి. ఢిల్లీ యూనివర్సిటీ ఎఫ్‌ఎంఎస్‌లో ఫీజు దానితో పోలిస్తే చాలా తక్కువ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏకూ క్యాట్ స్కోరే. ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలో ఎంబీఏ ఉంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్పులు ఐఐఎంలలోనూ ఉన్నాయి. విదేశాలకు వెళ్లేవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ మైనారిటీ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షల దాకా ఇస్తుంది. ఆదాయ పరిమితి 5 లక్షలు, డిగ్రీలో 60 శాతం ఉండాలి. అందుకే డిగ్రీ మార్కులు ఇప్పుడే కాపాడుకోవాలి.

విద్యా రుణం విషయంలో, 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవాళ్లకు ఆస్తి తాకట్టు లేకుండా రుణం వస్తుంది. 8 లక్షల లోపు ఆదాయం ఉంటే 10 లక్షల దాకా రుణంపై చదువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. అయినా అది వడ్డీ రుణమే. తీసుకోవచ్చా, లేదా అని చెప్పే స్థాయి నాది కాదు, మీరు నమ్మే ఆలింను అడగండి. రుణం వద్దనుకుంటే మాత్రం మొదటి ఉద్యోగం విలువ రెట్టింపవుతుంది. ఆ జీతంలోంచి నెలనెలా పక్కన పెట్టిందే రేపటి ఫీజు.

చదువు కోసం ఉద్యోగం మానాల్సిన పని లేని దారి కూడా ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌లో పని చేస్తూనే వారాంతాల్లో షికాగో వెళ్లి 1997లో ఎంబీఏ పూర్తి చేశారు. అదే ఊరి శంతను నారాయణ్ కూడా ఉద్యోగం చేస్తూనే బర్కిలీలో ఎంబీఏ చదివారు. జీతం ఆగకుండా చదవడం కింద మెట్టు కాదు.

అమ్మాయిల విషయంలో గడియారం వేరు

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. "రెండేళ్లు పని చేసి తర్వాత ఎంబీఏ" అనే సలహా అబ్బాయికి సులువు. అమ్మాయికి 22 రాగానే రిష్తాలు మొదలవుతాయి. పైచదువు "తర్వాత చూద్దాం"లోకి వెళ్లిపోతుంది. మార్కుల్లో అన్నదమ్ముల కంటే ముందున్న అమ్మాయిలు చాలా ఇళ్లలో ఇక్కడే ఆగిపోతున్నారు.

అమ్మాయికి వేరే ప్రణాళిక కావాలి. ఫైనలియర్‌లోనే క్యాట్ రాయించండి. వరంగల్‌లోనే సెంటర్ పెట్టుకోవచ్చు. స్కోరు వస్తే అనుభవం కోసం ఆగకండి. రాకపోతే ఆ ఏడాది ఇంటికి దగ్గర్లో కాగితాలున్న ఉద్యోగంలో చేర్చి మళ్లీ రాయించండి. రిష్తా మాట్లాడేటప్పుడు చదువు మాట మొదటి రోజే చెప్పండి. అవసరమైతే నికాహ్‌నామాలో రాయించుకోండి. హజ్రత్ ఖదీజా రజి అల్లాహు అన్హా తిజారత్ నడిపిన ఉమ్మత్ మనది. అమ్మాయి వ్యాపారం చదివితే కొత్తేమీ కాదు.

ఆ పెద్దాయనకు చెప్పింది

చాయ్ చల్లారేలోపు నేను ఆయనకు చెప్పింది ఇంతే. ఐసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లనివ్వండి, కానీ మంచి కాలేజీలే ఆప్షన్లు పెట్టించండి. అవి రాకపోతే సీటు వదిలేయడానికి భయపడకండి, ఐసెట్ మళ్లీ వచ్చే ఏడాదీ ఉంటుంది. సెప్టెంబరు 13 లోపు క్యాట్ ఫారం నింపించండి. ఈసారి స్కోరు రాకపోయినా పరీక్ష ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఉద్యోగం దొరికితే కాగితాలున్న చోట చేర్చండి. దొరికేదాకా మీ దుకాణంలోనే పెట్టుకోండి, కానీ జీతం ఖాతాలో వేయండి. మూడేళ్ల గడువు పెట్టుకోండి, ఆ తర్వాత ఇంట్లో కూర్చుని మళ్లీ మాట్లాడుకోండి.

ఆయన కాసేపు ఆలోచించారు. "ఖాతాలో వేయాలంటే వాడికి జీతం ఎంత అని రాయాలి?" అని అడిగారు. ఆ ప్రశ్నతో సగం పని అయినట్టే. ఇన్నాళ్లూ కొడుకు చేసే పనికి ఆ ఇంట్లో లెక్క లేదు. ఇప్పుడు లెక్క మొదలైంది.